ఆరుగురు పోయారు, ఏడు చరణాలున్నాయి

మా ఊరి పడవ పాటకి ఏడు చరణాలు. ఆ పడవ మునిగి పోయినవాళ్ళు ఆరుగురు. ఈ ఒక్క అంకె తేడా మీద నేనూ మా వదినా ముప్పై ఏళ్ళకు పైగా తగువు పడుతూ వచ్చాం. ఎందుకంటే ఏడో చరణం ఆవిడదే. ఆవిడ నిక్షేపంలా బతికుంది. ఇప్పటికీ చీకటితో లేచి, ఎండుచేపల గంప బస్సు టాపు మీద వేయించుకుని చల్లపల్లి పోయి, సాయంత్రానికి గంప ఖాళీ చేసుకుని తిరిగొస్తుంది. కార్తీకమాసం రెండో సోమవారం నాడు మాత్రం వ్యాపారం మానేసి, ఏటి గట్టు మీద మా మధ్య కూర్చుని, తను చచ్చిపోయిన చరణాన్ని అందరికంటే గట్టిగా పాడుతుంది.

నేను బెజవాడ ఆటోనగర్‌లో లారీల కమాను పట్టీలు అమ్మే దుకాణంలో లెక్కలు రాసి రిటైరయ్యాను. రోజంతా సుత్తి దెబ్బల మధ్య కూర్చుని కూడికలు వేసినదాన్ని కాబట్టి నాకు చప్పుడు ఇబ్బంది కాదు, తప్పు అంకె ఇబ్బంది. పెళ్ళి పిలుపులో తిథి ఒకటి, వారం ఒకటి పడితే ఆ ఇంటికి ఫోన్ చేసి చెబుతాను. ఒకసారి అలా చెప్పినందుకు వాళ్ళింటి తరవాతి పెళ్ళికి పిలవకుండా ఊరుకున్నారు. ఆ తిథి మాత్రం మార్చుకున్నారని తరవాత తెలిసింది. అలాంటిదాన్ని, ఆరుగురి పాటలో ఏడుగురుంటే ఎలా ఊరుకుంటాను?

ముందు పడవ సంగతి చెప్పాలి.

మా ఊరు చల్లపల్లి దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. చేపల మీద బతికే ఊరు. రొయ్యల చెరువులు అప్పుడప్పుడే తవ్వుతున్న రోజులవి. ఏటికి ఇటు ఊరు, అటు చెరువులు. ఆడవాళ్ళు పొద్దున్నే పడవలో ఏరు దాటి వెళ్ళి చెరువుల్లో నాచు తీసేవారు. పడవ చెరువుల యజమానిది. అడుగు చెక్కల సందులోంచి నీళ్ళు ఊరుతున్నాయని వీళ్ళు చాలా రోజుల ముందునుంచే చెబుతున్నారు. యజమాని దగ్గర పని చూసే మేస్త్రీ ఆ సందులో గుడ్డపీలికలు కుక్కించి, పైన తారు పూయించి, ఇంకేం భయం లేదు పొమ్మన్నాడు.

రోజూ పడవ ఎక్కే ముందు ఆ మేస్త్రీ గట్టు మీద నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి "వచ్చావా?" అని అడిగేవాడు. "వచ్చానండీ" అంటే ఎక్కనిచ్చేవాడు. అదే హాజరు. కాగితం మీద ఏదీ పెట్టేవాడు కాదు. ఆ కార్తీక సోమవారం ఏడుగురు "వచ్చానండీ" అన్నారు. ఏరు నడిమికి వెళ్ళాక పడవ అడుగు విడిపోయింది.

నేను అప్పటికి పెళ్ళై బెజవాడలో ఉన్నాను. మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, ఆ పడవలో ఉంది. మా పెదనాన్న కొడుకు భార్య కూడా ఉంది. ఆవిడే నేను చెప్పే వదిన. కబురు దుకాణం ఫోనుకు వచ్చింది. నేను వెళ్ళేసరికి నలుగురి శవాలు దొరికాయి. మూడో రోజు వచ్చినా మా పిన్ని, ఇంకొకావిడ, మా వదిన జాడ లేదు. ఈలోపు యజమాని తన మాట చెప్పేశాడు. ఆ పడవ తనది కాదట. ఆ ఆడవాళ్ళెవరూ తన దగ్గర పనిచేసేవాళ్ళు కారట. ఎక్కడికో పోతూ మునిగారట.

మావాళ్ళలో మూడో రోజున ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని పోయినవాళ్ళ మీద పాట కడతారు. మనిషికొక చరణం. పెద్దావిడ ఒకతె అందుకుంటే మిగతావాళ్ళు తలా ఒక మాట వేస్తారు. ఆ రోజు అందుకున్నది మా అమ్మ. ఏడుపు పాట మొదలుపెట్టబోయి, యజమాని మాట గుర్తొచ్చి ఆగింది. ఒక నిమిషం ఏటివైపు చూసి ఇలా ఎత్తుకుంది:

పడవ నాది కాదన్నోడా, తారు ఎవరు పూయించారు?
మనుషులు మావోళ్ళు కాదంటే, పిలిచిందెవరు గట్టుమీద?

ఆ తరవాత ఒక్కొక్కరి చరణం. మా పిన్నిది ఇది:

పీతంటే భయమంటది, పీతలకే పోతుంటది
పిల్లకాయ చొక్కాకి గుండీ కుట్టి ఎక్కింది
సూదింకా చూరులోనే గుచ్చి ఉంది చూడరండి

చరణం అయ్యాక మా అమ్మ మేస్త్రీ గొంతుతో "వచ్చావా?" అని అడిగింది. ఎవరూ అనుకున్నది కాదు. పక్కనున్న మా మేనత్త మోచేత్తో పొడిచింది. నేను మా పిన్ని తరఫున "వచ్చానండీ" అన్నాను. అప్పటినుంచీ అదే పద్ధతి. ఒక్కో చరణానికి ఆ ఇంటి మనిషి ఒకతె బదులు చెబుతుంది. కాగితం మీద లేని హాజరు మా పాటలో ఉంది.

చివరిది మా వదిన చరణం:

నోరు చూస్తే ఏరంత, నవ్వు చూస్తే ఊరంత
నల్లకోక బిగగట్టి నడుమెక్కి కూచుంది
నోరులేని ఊరాయె, ఏరొక్కటే మోగుతోంది

ఈ చరణం రెండోసారి తిప్పి పాడుతుండగా వెనకనుంచి ఎవరో అన్నారు: "నల్లకోకేంటి? బచ్చలిపండు రంగు చీర కట్టుకున్నా ఆ రోజు. మా ఆయన చూళ్ళేదా ఏంటి?"

వెనక్కి తిరిగితే మా వదిన. ఎవరిదో లంగా, ఎవరిదో చొక్కా వేసుకుని నిలబడింది. పడవ చెక్క పట్టుకుని నీటిపోటుకి ఎటో కొట్టుకుపోయి మడ చెట్లలో చిక్కుకుందట. పీతలు పట్టుకునేవాళ్ళు చూసి ఇంటికి తీసుకుపోయారట. జ్వరంలో రెండు రోజులు ఒళ్ళు తెలియలేదట. ముగ్గురు ఆడవాళ్ళు లేచి పరిగెత్తారు. మా అన్నయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే గట్టు మీద కూలబడ్డాడు. మా అమ్మ మాత్రం దగ్గరికి వెళ్ళి, వదిన చెయ్యి గిల్లి చూసి, అప్పుడు కౌగిలించుకుంది.

"చిన్నత్తా, నేనొచ్చేశాగా. నా చరణం తీసెయ్యండి మరి" అంది వదిన.

"తీయకూడదే" అంది అమ్మ.

మా పడవల్లో ఒక ఆచారముంది. రోజూ వచ్చే మనిషి ఒకరోజు రాకపోతే అతని చోటు ఖాళీగా వదలరు. గంపో, వల మూటో అక్కడ పెట్టి పడవ తీస్తారు. ఖాళీ చోటు కనిపిస్తే దానికి సరిపోయే మనిషిని ఏరు అడుగుతుందని మావాళ్ళ భయం. పాటలో చోటూ అంతేనని అమ్మ తేల్చేసింది. ఒకసారి ఇచ్చిన చరణం తీయడానికి లేదు.

"పోనీ చీర రంగన్నా మార్చండి."

"పోయినవాళ్ళ చరణం దిద్దకూడదు."

"నేను పోలేదుగా అత్తా."

"పాటలో పోయావుగా" అంది అమ్మ.

అక్కడితో ఆ విచారణ ముగిసింది. బదులు చెప్పే దగ్గర మాత్రం చిక్కొచ్చింది. వదిన బతికుంది కాబట్టి ఆవిడ తరఫున ఇంకొకరు బదులు చెప్పకూడదు. పాటలో పోయింది కాబట్టి ఆవిడా చెప్పకూడదు. అందుకని ఏడోసారి "వచ్చావా?" అన్నాక ఒక్క ఊపిరి సేపు అందరం ఊరుకుని మళ్ళీ పల్లవి ఎత్తుకునేవాళ్ళం.

ఇంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. వదిన తిరిగొచ్చిన మర్నాడు విచారణ జరిగే కార్యాలయానికి మా ఊరివాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. కాస్త చదువుకున్నదాన్నని నన్ను ముందు నిలబెట్టారు. అక్కడ యజమాని తరఫు మనిషి తాపీగా అన్నాడు: "నిన్నటిదాకా ఏడుగురు పోయారన్నారండి. పాటలు కూడా కట్టారు. ఒకావిడ నడుచుకుంటూ వచ్చేసింది. మిగతా దొరకనివాళ్ళు కూడా ఏ చుట్టాలింట్లోనో ఉంటారు, వస్తారు లెండి." గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా పిన్ని అప్పటికింకా దొరకలేదు. ఆ మర్నాడు ఆవిడా, ఆ ఇంకొకావిడా దొరికారు.

అప్పటినుంచీ ఏడో చరణమంటే నాకు పడదు. ఒక్క తప్పు అంకె చూపించి ఆరు నిజాలను నవ్వులపాలు చేశారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నా మాట సాగలేదు. అమ్మ పోయాక పాట అందుకునే వంతు నాకొచ్చింది. ఊళ్ళో పాడేటప్పుడు ఆచారమని ఊరుకున్నాను. ఊరు దాటి పాడాల్సి వస్తే మాత్రం ఆరే పాడతానని మనసులో పెట్టుకున్నాను.

ఊరు దాటే రోజు పోయిన ఏడాది వచ్చింది.

కాలేజీలో తెలుగు చెప్పే ఒక అమ్మాయి, ఆవిడ స్నేహితులూ కలిసి డెల్టాలో ఇలాంటి పాటలన్నీ పోగుచేస్తున్నారు. నేతపని వాళ్ళ ఊళ్ళో ఒకటి, మిల్లు కూలీలది ఒకటి, అలా. అన్నిటినీ బెజవాడలో ఒక మధ్యాహ్నం పాడించి, చిన్న పుస్తకంగా వేద్దామని వాళ్ళ ఆలోచన. ఆ అమ్మాయి వన్ టౌన్‌లో మా ఇంటికి వచ్చింది. మా ఇల్లు ఉల్లిపాయల గోడౌను పైన. తోపుడుబళ్ళు ఆగే సమయం చూసి ఫోనులో పాట రికార్డు చేసుకుంది. అయినా నాలుగో చరణం మధ్యలో ఎవరో "బస్తా పక్కకి జరపరా" అని అరిచింది కూడా అందులో పడింది.

పాట అయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుని అడిగింది: "ఏడుగురాండీ అమ్మగారూ?"

"ఆరుగురు."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "మరి ఏడో ఆవిడ?"

"బుధవారం వస్తోంది. రిహార్సలుకి. మీరే చూద్దురుగాని."

ఆవిడ ముందు నవ్వింది. తరవాత ఆలోచనలో పడింది. "పుస్తకంలో ఎలా వెయ్యాలండీ మరి? ఏడుగురు మృతులని రాస్తే తప్పు కదండీ. రేపు ఎవరైనా పట్టుకుంటే పాటంతా కల్పితమే అనేస్తారు."

ఈ మాట కోసం నేను ముప్పై ఏళ్ళనుంచి కాచుకుని ఉన్నాను. "ఆరే వెయ్యండి. ఆరే పాడతాం. పాట నడిపేది నేను" అన్నాను.

బుధవారం ఊరినుంచి నలుగురు వచ్చారు. ముగ్గురు, పోయినవాళ్ళ కూతుళ్ళూ కోడళ్ళూ; నాలుగో ఆవిడ మా వదిన. రాలేనివాళ్ళ ఇళ్ళ తరఫున కూడా ఆ ముగ్గురే బదులు చెబుతారు. వదిన వస్తూనే ఎండురొయ్యల పొట్లం నా చేతిలో పెట్టి, గోడౌను వాసన పీల్చి, "ఉల్లిపాయలు కింద, రొయ్యలు పైన. ఇంక పొయ్యి వెలిగించడమే ఆలస్యం" అంది. కాలేజీ అమ్మాయి కూడా కూర్చుని ఉంది. నేను సంగతి దాచలేదు. ఆరు చరణాలకే పాట ఆపుతున్నామని చెప్పాను.

వదిన నా మొహంలోకి చూసింది. "ఏమే అమ్మాయ్, నన్ను బతికిస్తన్నావా?"

"నువ్వు బతికే ఉన్నావు వదినా. లెక్క సరిచేస్తున్నాను, అంతే."

"లెక్కంట. కమాను పట్టీలనుకుంటందమ్మా మనుషుల్ని. ఒకటి ఎక్కువొచ్చింది, తీసి అరలో పెట్టెయ్యండి."

ముగ్గురూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళలో చిన్నావిడ, మొదటి చరణానికి బదులు చెప్పే కోడలు, బెరుగ్గా అంది: "అత్తా, చోటు ఖాళీ చెయ్యకూడదు కదండీ మరి. పెద్దత్తమ్మ, మీ అమ్మ, చెప్పేది కదా."

"అది పడవలో" అన్నాను.

"పాటలో కూడానండి. ఏరు అడుగుతుందండి."

"బెజవాడలో ఏరెక్కడిది?"

"ఏరేంటి, ఇక్కడ కృష్ణే ఉంది" అంది వదిన. "ఇంకా పెద్దది. ఇద్దరినడుగుద్ది."

కాలేజీ అమ్మాయి ఇటూ అటూ చూసి, "పోనీ, వేదిక మీద ఆ చోట్లో గంప పెడితే సరిపోతుందాండీ? ఆచారం ప్రకారం?" అంది. ఎంతో మర్యాదగా, పెద్ద తగువు తీర్చేదానిలా అడిగింది. ముగ్గురూ ఆలోచించి, సరిపోతుందన్నారు.

"నా బదులు గంపా" అంది వదిన. "సరే. కనీసం కొత్త గంప కొనండి. చిరుగుగంప పెట్టి నా పరువు తీయొద్దు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. వన్ టౌన్‌లో గంపలమ్మే సందుకు తనే వెళ్ళి, దుకాణంవాడితో పావుగంట బేరమాడి, మంచి వెదురు గంప తెచ్చింది. అడుగు గట్టిగా ఉందో లేదో దానిమీద కూర్చుని చూసిందట.

పాడాల్సిన రోజు ఉదయం అందరూ మా ఇంట్లోనే తయారవుతున్నారు. మిగతా ముగ్గురూ కింద టిఫిను తెచ్చుకోవడానికి వెళ్ళారు. వదిన అద్దం ముందు జుట్టు ముడి వేసుకుంటూ, నావైపు తిరగకుండానే అంది:

"నాకు షుగరు. రేపెప్పుడో పోతా. షుగరుతో పోయినోళ్ళకి ఎవరూ పాట కట్టరు. నాకున్నది అదొక్కటే."

"అందుకా వదినా నీ బాధ?"

"అందుక్కాదులే. అదీ ఉందనుకో." పిన్నీసు పళ్ళమధ్య పెట్టుకుని కొంగు మడతలు పెట్టుకుంది. పిన్నీసు పెట్టుకున్నాక మళ్ళీ అంది: "మీరంతా వచ్చానండీ, వచ్చానండీ అని చెప్తారు. నువ్వు మీ పిన్ని తరఫున చెప్తావు. మీ పిన్ని పడవెక్కినప్పుడు నువ్వున్నావా?"

"లేను."

"ఈ ముగ్గురిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నేనున్నా. ఆరుగురూ వచ్చారని చూసినదాన్ని నేనొక్కదాన్నే. మేస్త్రీ కాగితం పట్టుకొచ్చి, ఆడాళ్ళు పడవలో గంతులేశారు, అందుకే తిరగబడిందని వేలిముద్ర వెయ్యమన్నాడు. వేస్తే చెరువుల కాడ పర్మినెంటు పని, ఇల్లు అన్నాడు. వెయ్యలేదు. ఆ తర్వాత ఏ చెరువుకాడా నన్ను గట్టెక్కనివ్వలా. అందుకేగా నా ఎండుచేపలూ, నా చల్లపల్లి బస్సూ." గాజులు తోసుకుంది. "వెయ్యననైతే అన్నాను. మరి ఏం జరిగిందో చెప్పమని ఎవరన్నా పిలిచారా? విచారణకి పిలవలేదు. కోర్టుకి పిలవలేదు. పాటలో మాత్రం ఏటా 'వచ్చావా' అని అడుగుతారు. బదులు చెప్పనీరు, అడుగుతారు. అడిగేది ఆ ఒక్కచోటే కదే. అదీ తీసేస్తావా?"

కింద మెట్ల మీద చప్పుడైంది. ముగ్గురూ ఇడ్లీ పొట్లాలతో వచ్చారు. వదిన వెంటనే, "చట్నీ రెండు రకాలు తెచ్చారా, ఒకటేనా?" అని వాళ్ళమీద పడింది. నాకు జవాబు చెప్పే వ్యవధి దొరకలేదు. వేలిముద్ర సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడను ఎవరూ సాక్ష్యం అడగలేదన్నది మాత్రం ఎప్పుడూ అలా విడిగా పెట్టి చూడలేదు.

హాలు మరీ పెద్దది కాదు. కుర్చీలు నిండాయి, వెనక కొందరు నిలబడ్డారు. మాకు ముందు నేతపని వాళ్ళు పాడారు. బాగా పాడారుగాని తాళం పరిగెత్తింది. తరవాత మమ్మల్ని పిలిచారు. చాప మీద వరసగా నేను, ఆ ముగ్గురు, చివర కొత్త గంప. గంప పక్కన వదిన. పల్లవి, చరణాలు కలిసి పాడొచ్చని ఆవిడను కూర్చోబెట్టాం. గంపను చూసి ముందు వరసలో ఎవరో చేపలున్నాయా అని అడిగారు. "అయిపోయాయండి, రేపు రండి" అంది వదిన. మైకు దగ్గరే ఉంది, అందరికీ వినపడింది.

పాట మొదలుపెట్టాం. మొదటి చరణానికి కోడలు "వచ్చానండీ" అంది. రెండు, మూడు, నాలుగు అయ్యాయి. అయిదోది మా పిన్నిది, నేనే అడిగి నేనే బదులు చెప్పాను. ఆరోది అయింది. అక్కడ పల్లవి ఎత్తుకుని ముగించాలి. కాలేజీ అమ్మాయి పక్కన నిలబడి, చప్పట్లకు సిద్ధంగా చేతులు దగ్గరికి తెచ్చుకుంది.

నేను ఏడో చరణం ఎత్తుకున్నాను. నోరు జారి పాడానని చెప్పను. తెలిసే పాడాను. మిగతా ముగ్గురూ ఒక అర మాట వెనకపడి అందుకున్నారు. వదిన మాత్రం పాడలేదు. అంతకాలంలో ఆ చరణం ఆవిడ పాడకపోవడం అదే మొదలు. చరణం అయ్యాక "వచ్చావా?" అన్నాను. అలవాటు ప్రకారం ఆ ముగ్గురూ నోరు మూసుకుని ఊపిరి సేపు ఆగారు. పల్లవికి తల ఊపారు. నేను ఎత్తుకోలేదు. వదిన వైపు తిరిగి మళ్ళీ అడిగాను.

"వచ్చావా?"

"నన్నేనా?" అంది వదిన. హాల్లో నవ్వు లేచింది.

"నిన్నే వదినా."

ఆవిడ లేచి నిలబడింది. గంపను పక్కకు జరిపింది. ఆ చోట్లో నిలబడి, కొంగు సర్దుకుని, "వచ్చానండీ" అంది. పాడలేదు. చల్లపల్లి సంతలో ధర చెప్పే గొంతుతోనే అంది. నవ్వు ఆగిపోయింది.

"ఏడుగురం వచ్చామండి. పడవ ఆయనదే. తారు మేస్త్రీ పూయించాడు, డబ్బా పట్టుకుని నిలబడ్డది నేనే. ఎవరం గంతులెయ్యలేదండి. వెయ్యడానికి చోటేది, కాళ్ళకాడ నీళ్ళు. ఈ పిల్ల అత్తగారు సద్ది గిన్నె ఖాళీ చేసి తోడిందండి. అన్నం నీళ్ళపాలు చేశావే అని నేను తిట్టా. అవతల కూచున్న ఇద్దరూ దోసిళ్ళతోనే తోడారు. ఒకామె వెనక్కి తిప్పమని కేకేసింది. గట్టు మీద మేస్త్రీ విన్నాడు, పొమ్మని చెయ్యూపాడు. ఇంకొకామె చిన్నపిల్ల, ఏడుస్తుంటే పాట పాడమన్నాను, పాడింది కూడా." ఆగి నావైపు చూపించింది. "దీని పిన్ని తన కొంగు చింపి సందులో కుక్కిందండి. కాలితో తొక్కి పట్టుకుంది. ఆవిడ తొక్కి పట్టుకున్నంతసేపూ నీళ్ళు ఆగినయి. అంతేనండి నేను చూసింది."

కూర్చుంది. నేను పల్లవి ఎత్తుకోవాలి. నేనింకా పిన్ని కొంగు దగ్గరే ఉన్నాను. కోడలు అందుకుంది. 'తారు ఎవరు పూయించారు' అన్న దగ్గర హాల్లో కొందరు కూడా కలిశారు. వాళ్ళ తాళం సరిగా లేదు. నేను చేత్తో తొడ మీద కొట్టి దారిలో పెట్టాను.

కిందికి దిగాక వదినను పక్కకు లాగాను. "పిన్ని కొంగు సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావు? నా చరణం తియ్యాలి, తియ్యాలి అని తప్ప నువ్వు నాతో ఆ పడవ మాటే ఎత్తలేదుగా."



కాలేజీ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఇప్పుడు పుస్తకంలో ఎలా వేద్దామండీ? ఆరా, ఏడా?" నేను నిలబడే చెప్పాను: ఏడు చరణాలూ వెయ్యండి. ఏడో దాని కింద, వదిన చెప్పింది చెప్పినట్టు, ఆవిడ మాటల్లోనే వెయ్యండి. మొదట్లో ఒక వాక్యం పెట్టండి: 'ఆరుగురు పోయారు, ఒకరు చూశారు.' ఆ అమ్మాయి రాసుకుని చదివి వినిపించింది. కలిపితే ఏడు. పడవ ఎక్కింది ఏడుగురు. సరిపోయింది.

మావాళ్ళను సాయంత్రం బస్సెక్కించడానికి ఆటోలో బయలుదేరాం. అయిదుగురం, ఒక గంప. డ్రైవరు ముందు గొణిగాడుగాని వదిన అతన్ని 'నాయనా' అని రెండుసార్లు పిలిచేసరికి ఊరుకున్నాడు. ఆటో బందరు రోడ్డెక్కగానే వదిన అంది:

"ఏమే, నేను బదులు చెప్పేశా కాబట్టి ఆ చరణం ఖర్చైపోయినట్టే. నిజంగా పోయినప్పుడు ఇంకోటి కట్టాలి."

"మనిషికొక్కటే" అన్నాను.

"అది పోయినోళ్ళకి. నేను పోకుండా కట్టారుగా. అది మీ పొరపాటు, నా ఖాతాలో ఎందుకు రాస్తారు?"

కోడలు వెనకనుంచి "షుగరు మాత్ర మింగనంది, జిలేబి మాత్రం వదలనంది" అని రాగం తీసింది. మిగతా ఇద్దరూ అందుకున్నారు. వదిన విని, "వరస బాగుంది, మాటలు బాగాలేవు. జిలేబి కాదు, బందరు లడ్డని పెట్టండి. ఊరి పేరు వస్తుంది" అంది.

"పోకుండా చరణం కట్టకూడదు వదినా. ఒకసారి కట్టి పడ్డది చాలు" అన్నాను.

"అయితే రెండు లైన్లన్నా ఇవ్వు. మొత్తం వద్దు."

బస్టాండులో వాళ్ళను ఎక్కించాను. వదిన గంప టాపు మీదికి వద్దని, ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వెనక్కి తిప్పుకుంటుంటే నేను పక్కనే నడుస్తున్నాను. బేరం రెండు లైన్ల నుంచి ఒకటిన్నరకు దిగింది. ఒకటిన్నర లైను ఎక్కడా ఉండదని చెప్పాను. "నువ్వు రాస్తే ఉంటది" అంటుండగా బస్సు గేటు దాటింది.